గొంతు నిండా పాటే... కంచంలో అన్నం అలాగే!

విశాఖపట్నంలో మా పక్క వాటాలో ఒక పిన్నిగారుండేవారు. ఆవిడ భర్తది ఓడల్లో ఉద్యోగం. ఏడాదికోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్ళేవారు. వచ్చినప్పుడల్లా సింగపూర్ నుంచి సెంట్లూ, సబ్బులూ, వాటితోపాటు అరడజను పాటల క్యాసెట్లూ తెచ్చేవారు. ఆయన మళ్ళీ ఓడెక్కాక పిన్నిగారు మధ్యాహ్నం పూట చేటలో బియ్యం పోసుకుని కూర్చుని ఒక క్యాసెట్టు పెట్టుకునేవారు. ఎప్పుడూ అదే క్యాసెట్టు! నేనప్పుడు ఎనిమిదో తరగతి. తెలుగు మీడియం చదువు కనక ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఏమని పాడుతోంది పిన్నీ?" అంటే, "చిన్నప్పుడు రేడియోలో విన్న పాటలు మళ్ళీ వినబడుతుంటే ప్రాణం ఎలా ఉందో చెబుతోందే" అనేవారు.

ఆ గొంతు మాత్రం భాష రాకపోయినా అర్థమయ్యేది. కిందిస్థాయిలో, నిదానంగా, తల నిమురుతున్నట్టుగా ఉండేది. పాడేది నలభై ఏళ్ళు దాటిన ఇల్లాలని, బొద్దుగా ఉండి నలుగురికీ కొసరి కొసరి వడ్డించే మనిషని నేను గట్టిగా ఊహించేసుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మాయి ఫోన్లో అదే పాట వినబడితే చేతిలో గరిటె అలాగే పట్టుకుని పరిగెత్తాను. పాట పేరు 'యెస్టర్‌డే వన్స్ మోర్', పాడినవాళ్ళు కార్పెంటర్స్ అని తెలిసింది. అది పాడేనాటికి ఆ అమ్మాయికి ఇరవై మూడేళ్ళని, ముప్ఫై రెండేళ్ళకే పోయిందని కూడా తెలిసింది. అదీ దేనితో అనుకున్నారు? ఏళ్ళ తరబడి సరిగ్గా తినక! తిండికి కొదవలేని దేశంలో, కోట్ల ఆదాయమున్న ఇంట్లో. అప్పట్నుంచి ఆ అన్నాచెల్లెళ్ళ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. మీకూ చెప్పాలనిపించింది.

వడ్రంగులు కారు, ఇంటిపేరది!

కార్పెంటర్ అంటే వాళ్ళ ఇంటిపేరు. మన తెలంగాణ వైపు 'వడ్ల' అని ఇంటిపేరు ఉన్నట్టే. అన్న రిచర్డ్ 1946లో, చెల్లెలు కారెన్ 1950లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో పుట్టారు. తండ్రి హెరాల్డ్‌ది ప్రింటింగ్ పని, తల్లి ఆగ్నెస్ ఇంటిని అద్దంలా ఉంచే మనిషి. తండ్రికి గ్రామఫోన్ రికార్డుల పిచ్చి. ఇంటి కింద గదిలో ఆయన దాచుకున్న రికార్డులు వింటూనే రిచర్డ్ పెరిగాడు. చిన్నప్పటి నుంచే పియానో మీద చెయ్యి బ్రహ్మాండంగా తిరిగేది. పిల్లాడికి సంగీతంలో పైకి వచ్చే అవకాశాలు అక్కడే ఎక్కువని 1963లో కుటుంబమంతా సామాన్లు సర్దుకుని లాస్ ఏంజిల్స్ పక్కనున్న డౌనీ అనే ఊరికి మారిపోయింది.

ఆ ఇల్లు కదిలింది అన్న కోసం. చెల్లెలు వెంట వచ్చింది, అంతే. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

కారెన్ మొదట పాటగత్తె కానే కాదు. హైస్కూల్లో ఆటల పీరియడ్ తప్పించుకోవడానికి బ్యాండులో చేరింది! అక్కడ గ్లాకెన్‌స్పీల్ అని ఒకటి చేతికిచ్చారు. మన జలతరంగంలో కప్పులకు బదులు ఇనుప పలకలుంటే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. దాన్ని మోస్తూ పక్కన డ్రమ్స్ వాయించే కుర్రాళ్ళను చూసి, నేనూ అదే వాయిస్తానంది. ఆడపిల్లకి డ్రమ్సేమిటన్నారు. ఆమె ఊరుకోలేదు. ఇంట్లో స్టూళ్ళు చుట్టూ పెట్టుకుని, చైనావాళ్ళు అన్నం తినే పుల్లలతో రికార్డులకు తగ్గట్టు దరువేసేదని చెబుతారు. చివరికి అమ్మానాన్నా నిజం డ్రమ్స్ కొనిచ్చారు. 1966లో హాలీవుడ్ బౌల్ అనే పెద్ద ఆరుబయలు రంగస్థలం మీద జరిగిన బ్యాండు పోటీలో రిచర్డ్ పియానో, ఒక స్నేహితుడి ట్యూబా, కారెన్ డ్రమ్స్ కలిసి మొదటి బహుమతి కొట్టేశాయి. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు.

బహుమతి రాగానే దశ తిరిగిందనుకోకండి. ఒక పెద్ద కంపెనీ పిలిచి పాటలు రికార్డు చేయించి, వాటిని బయటికి వదలకుండా అటకెక్కించేసింది. ఆ తర్వాత మూడేళ్ళు తిరగని గడప లేదు. అది చెవులు చిల్లులు పడే గిటార్ల కాలం, మెత్తని పాట ఎవరిక్కావాలన్నారు. చివరికి 1969లో ఏ అండ్ ఎం రికార్డ్స్ యజమానుల్లో ఒకరైన హెర్బ్ ఆల్పర్ట్ వీళ్ళ టేపు విని ఒప్పందం రాయించుకున్నాడు. ఆయన స్వయానా ట్రంపెట్ విద్వాంసుడు. కారెన్‌కి పంతొమ్మిదే కనక సంతకం అమ్మానాన్నా చెయ్యాల్సొచ్చింది. మొదటి ఆల్బం అంతగా అమ్ముడుపోలేదు.

మరుసటేడు 1970లో 'క్లోజ్ టు యు' వచ్చింది. బర్ట్ బకరాక్ స్వరం, హాల్ డేవిడ్ మాట. అంతకు ముందే ఇంకొందరు పాడిన పాటే, అంతగా పట్టించుకున్నవాళ్ళు లేరు. వీళ్ళది మాత్రం అమెరికా పాటల పట్టికలో నాలుగు వారాలపాటు మొదటి స్థానంలో కూర్చుంది.

పొర మీద పొర, పూతరేకులా

ఈ పాటలు ఎలా తయారయ్యేవో తెలుసుకుంటే నాకు మతిపోయింది. మీరు వింటే వెనక పదిమంది కోరస్ పాడుతున్నట్టుంటుంది. కాదు! ఆ గొంతులన్నీ ఈ ఇద్దరివే. ఒక స్వరం పాడి టేపుకెక్కించేవాళ్ళు. దాని మీద ఇంకో స్వరం, దాని మీద మరోటి, మళ్ళీ అవే స్వరాలు రెండోసారీ మూడోసారీ. ఆత్రేయపురం పూతరేకులో రేకు మీద రేకు పరిచినట్టే. రేకులు విడివిడిగా కనబడకూడదు, నోట్లో మాత్రం అన్నీ తగలాలి. ఆ లెక్కంతా రిచర్డ్‌ది. ఏ పాట ఎంచుకోవాలి, దాని ముందు పియానో ఎంతసేపుండాలి, వయొలిన్లు ఎక్కడ రావాలి అన్నీ అతనే చూసుకునేవాడు.

ఇక కారెన్ గొంతు. మనకి ఆడగొంతు అంటే సుశీలమ్మ, జానకమ్మ పలికే పైస్థాయే అలవాటు. కారెన్‌ది అటు ఇంగ్లీషు పాటల్లో కూడా అరుదైన మంద్రస్థాయి. మన చెవి పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంటుంది. అరుపు లేదు, గమకాల ప్రదర్శన లేదు. 1971లో వచ్చిన 'సూపర్‌స్టార్' పాట సంగతి రిచర్డ్ స్వయంగా చెప్పాడు. వాయిద్యాలు రికార్డు చేసేటప్పుడు వాళ్ళకి ఆధారంగా ఉండాలని కాగితం రుమాలు మీద రాసిన మాటలు చూస్తూ కారెన్ ఊరికే పాడిందట. తర్వాత తీరిగ్గా అసలు పాట పాడించొచ్చనుకున్నారు. విని చూస్తే ఇంకోసారి పాడించాల్సిన అవసరమే కనబడలేదు. మనం ఈనాటికీ వింటున్నది ఆ ఊరికే పాడినదే!

ఇంకో తమాషా వినండి. అమెరికాలో పెళ్ళిళ్ళలో ఏళ్ళ తరబడి మోగిన 'వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్' పాట పుట్టింది ఒక బ్యాంకు ప్రకటన కోసం. కొత్త దంపతులు ఖాతా తెరవాలని టీవీలో వేసిన ప్రకటన! రిచర్డ్ అది చూసి, ఇందులో పూర్తి పాట ఉందే అనుకుని, రాసిన పాల్ విలియమ్స్, రోజర్ నికల్స్‌ని అడిగాడు. అది రెండో స్థానం దాకా వెళ్ళింది. సబ్బుల ప్రకటన వచ్చినప్పుడు నేను టీవీ గొంతు తగ్గిస్తుంటాను. ఇక తగ్గించకూడదేమో.

1972 నాటి 'గుడ్‌బై టు లవ్' పాటకైతే తిట్లే పడ్డాయి. బుద్ధిగా సాగే పాట మధ్యలో టోనీ పెలూసో చేత గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్ వాయించాడు రిచర్డ్. మీరు కూడా చెడిపోయారా అని అభిమానులు ఉత్తరాలు రాశారు. ఇప్పుడేమో మెత్తని పాటలో అలాంటి గిటార్ పెట్టడానికి దారి చూపింది ఆ పాటేనంటారు. నా మటుకు నాకు ఆ గిటార్ ఇంకా కాస్త ఎక్కువే అనిపిస్తుంది, ఏమనుకోకండి.

1970 నుంచి 1975 దాకా వాళ్ళకి పట్టపగ్గాలు లేవు. 1971లో రెండు గ్రామీ అవార్డులు, మరుసటేడు ఇంకోటి. 'టాప్ ఆఫ్ ది వరల్డ్' 1973లో, 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్' 1975 జనవరిలో మొదటి స్థానానికి వెళ్ళాయి. మరో ఐదు పాటలు రెండో స్థానంలో ఆగాయి. 1973 మేలో అధ్యక్షుడు నిక్సన్ పిలిస్తే వైట్‌హౌస్‌లో పాడొచ్చారు. పాటల సంకలనం ఒకటి 1974లో ఇంగ్లండులో మొత్తం పదిహేడు వారాలు మొదటి స్థానంలో ఉంది. జపాన్‌లోనైతే విమానాశ్రయం నుంచే జనం. ఏడాదికి వందకు పైగా కచేరీలు, మధ్యలో రికార్డింగులు, టీవీలు. ఇంట్లో కూర్చుని వేళకి వేడన్నం తిన్న రోజులెన్నో లెక్కపెట్టొచ్చు.

డ్రమ్స్ వెనక నుంచి లాగేశారు

పొట్టి మనిషి కారెన్. డ్రమ్స్ వెనక కూర్చుంటే తల మాత్రమే కనబడేది. ఆమెకదే హాయి. కానీ పాడే మనిషి కనబడకపోతే ఎలా అన్నారు చూసేవాళ్ళు, రాసేవాళ్ళు, కంపెనీవాళ్ళు. ముందుకు రమ్మన్నారు. ఆమెకిష్టం లేదు. కొన్నాళ్ళు సర్దుకుంది, కొన్ని పాటలకు వెనక, కొన్నింటికి ముందు. తర్వాత్తర్వాత డ్రమ్స్‌కి ఇంకొకరిని పెట్టి, ఆమెను గౌను వేసి మైకు ముందు నిలబెట్టేశారు. వాయించే మనిషి కాస్తా చూసే బొమ్మ అయిపోయింది.

పదిహేడేళ్ళప్పుడే బొద్దుగా ఉన్నానని డాక్టరు సలహాతో పథ్యం చేసి తగ్గింది కారెన్. అప్పటికి అది మామూలు సంగతే. 1973లో ఒక కచేరీలో తీసిన తన ఫొటో చూసుకుని, ఆ బట్టల్లో పొట్ట కనబడుతోందని బాధపడిందట. అక్కడ మొదలైంది రెండోసారి. ఈసారి ఆగలేదు.

మొదట్లో అందరూ ఏమన్నారో ఊహించండి. "అబ్బ, ఎంత సన్నబడ్డావే, ఎంత బావున్నావో!" అన్నారు. మనం పెళ్ళిళ్ళలో అనమూ? బాగున్నావా అని అడిగే ముందు లావయ్యావా, చిక్కావా అని చెప్పడం మనకి పలకరింపు. మొన్నో పెళ్ళిలో మా అమ్మాయిని చూసి మా బంధువుల్లో ముగ్గురు నాజూగ్గా తయారైందని మెచ్చుకుంటే నాకూ గర్వమేసింది. రాత్రిపూట అది రెండు నెలలుగా అన్నం ముట్టడం లేదన్న సంగతి నాకు తెలిసి కూడా! కారెన్ కథ చదివాకే ఆ గర్వం గొంతులో అడ్డం పడింది. మాది అంత దూరం వెళ్ళలేదు. కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడితే కాలేజీలో ఎవరో ఏదో అన్నారని చెప్పుకుని ఏడ్చింది. ఆ వారమే డాక్టరుకు చూపించాను.

1975 వచ్చేసరికి కారెన్ స్టేజీ మీదకు వస్తుంటే ముందు వరసలవాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆ ఏడాది నీరసంతో మంచం పట్టి ఇంగ్లండు, జపాన్ కచేరీలు రద్దయ్యాయి. ఇంటికి తీసుకెళ్ళి తల్లి దగ్గరుండి తినిపించింది. కొంచెం కోలుకుంది, మళ్ళీ అంతే. ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరుందని అప్పటికి మామూలు ఇళ్ళలో ఎవరికీ తెలీదు.

ఆకలి చచ్చిపోయిందనుకుంటాం గానీ ఈ జబ్బులో ఆకలి ఉంటుంది. దాన్ని మించిన భయం ఉంటుంది, ఎక్కడ లావైపోతానో అని. ఎముకల గూడులా ఉన్నా అద్దంలో లావుగానే కనబడుతుంది. అన్నం కెలుకుతారు, కంచంలో అటూ ఇటూ జరుపుతారు, ఇప్పుడే తిన్నానంటారు. వదులు బట్టలు వేస్తారు. ఎప్పుడూ చలి అంటారు. నెలసరి ఆగిపోతుంది. చివరికి గుండె మీదకొస్తుంది. చిత్రమేమిటంటే వీళ్ళకు తిండి మీద ధ్యాస పోదు. కారెన్ హోటల్లో భోజనానికి కూర్చుంటే, ఇది చాలా బావుంది రుచి చూడండి అంటూ తన పళ్ళెంలోది అందరికీ పంచేదట. పంచి పంచి పళ్ళెం ఖాళీ అయ్యేది. ఆమె తినలేదని ఎవరికీ తట్టేది కాదు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆఖరున తినే ఆడవాళ్ళం మనం. మనం తిన్నామో లేదో మనింట్లో మాత్రం ఎవరు చూస్తున్నారు?

తిట్టినా బతిమాలినా ఇది తగ్గేది కాదు. మానసిక వైద్యులు, ఆహారం సంగతి చూసే డాక్టర్లు కలిసి చేసే చికిత్సతో, వేళకు పట్టుకుంటే కోలుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో తెలుగులోనే చెబుతారు.

అన్నకు మందులు, చెల్లికి పెళ్ళి

అవతల రిచర్డ్ పరిస్థితీ బాగాలేదు. నిద్రమాత్రలు అలవాటై, చేతులు వణికి పియానో వాయించలేని స్థితి వచ్చింది. 1979 జనవరిలో కాన్సాస్‌లోని ఆస్పత్రిలో చేరి ఆ అలవాటు వదిలించుకుని బయటపడ్డాడు. అతని జబ్బు పేరు అందరికీ తెలుసు, మందు కూడా తెలుసు. చెల్లెలి జబ్బుకు రెండూ లేవు.

అన్న ఆస్పత్రిపాలైన ఆ విరామంలో కారెన్ న్యూయార్క్ వెళ్ళి ఫిల్ రామోన్ అనే పేరున్న నిర్మాతతో తన ఒక్కదాని పేరునే ఒక ఆల్బం చేసింది. అన్న నీడ దాటి వేసిన మొదటి అడుగు. ఎంతో ఇష్టంగా చేసింది. కంపెనీవాళ్ళకీ రిచర్డ్‌కీ అది నచ్చలేదు, బయటికి రాకుండా ఆగిపోయింది. అది జనం చేతికి వచ్చింది 1996లో, ఆమె పోయిన పదమూడేళ్ళకి! నేను విన్నాను. కొన్ని పాటలు ఆమెకు నప్పలేదనేది నిజమే. అయితే మాత్రం? ముప్ఫై ఏళ్ళ మనిషి తన సొంతంగా చేసుకున్న ఒక్క పని అది.

1980 ఆగస్టులో పెళ్ళి చేసుకుంది. మరుసటేడు చివరికల్లా విడిపోయారు. పిల్లల్ని కనాలని, ఇల్లు చూసుకోవాలని ఆమెకు బాగా కోరికగా ఉండేదని స్నేహితులు చెప్పారు. 1981లో అన్నాచెల్లెళ్ళు కలిసి 'మేడ్ ఇన్ అమెరికా' ఆల్బం తెచ్చారు. దాన్లో తన పెళ్ళిలో పాడిన పాట కూడా ఉంది. విడిపోయిన తర్వాత అది ఎక్కడైనా వినబడితే ఎలా ఉండేదో ఆ పిల్లకి.

1982లో తనంతట తానే చికిత్సకని న్యూయార్క్‌లో ఉండిపోయింది. ఆ సెప్టెంబరులో ఆస్పత్రిలో చేర్చి నరం ద్వారా ఆహారం ఎక్కించారు. కాస్త బరువు పెరిగి నవంబరులో ఇంటికొచ్చింది. అందరూ గండం గడిచిందనుకున్నారు. కానీ ఏడెనిమిదేళ్ళు నలిగిన గుండె అది. 1983 ఫిబ్రవరి 4 పొద్దున డౌనీలో అమ్మానాన్నల ఇంట్లో, తల్లి పిలిస్తే పలకలేదు. పైకి వెళ్ళి చూసేసరికి పడిపోయి ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్ళినా లాభం లేకపోయింది. ఇంకో నెల ఉంటే ముప్ఫై మూడు నిండేవి.

ఆ తల్లిని ఆడిపోసుకున్నవాళ్ళు ఉన్నారు. కొడుకునే నెత్తిన పెట్టుకుందని, కూతురికి ప్రేమ నోటితో చెప్పలేదని పుస్తకాల్లో రాశారు. కొంత నిజం ఉండొచ్చు. మనిళ్ళలో ఎంతమందిమి నోటితో చెబుతాం? పళ్ళెం నింపడమే చెప్పడం అనుకుంటాం. నింపిన పళ్ళెమే శత్రువులా కనబడే బిడ్డకి ఆ భాష అందదు. పేరే తెలియని జబ్బుతో ఎదురుపడ్డ ఆ ఆగ్నెస్‌ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. కారెన్ పోయాకే అమెరికా పత్రికలు ఈ జబ్బు పేరు పెద్దక్షరాల్లో వేశాయి. అప్పుడు ఎందరో తల్లులు తమ పిల్లల వంక తేరిపార చూశారట.

రిచర్డ్ ఆ తర్వాత మిగిలిన టేపులన్నీ వెతికి, శుభ్రం చేసి, ఒక్కొక్కటీ బయటికి తెస్తూ వచ్చాడు. 1995లో జపాన్‌లో ఒక టీవీ సీరియల్లో వీళ్ళ పాటలు వాడితే, అక్కడి కుర్రకారు ఎగబడి కొన్నారు. 2018లో లండన్ రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాను కూర్చోబెట్టి, చెల్లెలి పాత గొంతుకు కొత్తగా వయొలిన్లు కట్టాడు. అప్పటికి అతనికి డెబ్భై దాటాయి. పాడే చెల్లెలికి ఇరవై మూడూ, ఇరవై నాలుగే.

ఆమె చివరిగా రికార్డు చేసిన పాట పేరు 'నౌ'. 1982 ఏప్రిల్‌లో పాడింది, పోయిన తర్వాత విడుదలైంది. మనిషి ఎంత చిక్కిపోయిందో తెలిసి విన్నా, గొంతులో ఆ నీరసం ఎక్కడా దొరకదు. నేను మూడుసార్లు వెతికాను.

మొన్న ఆదివారం పెసరట్లు వేస్తుంటే మా అమ్మాయి వంటింటి గట్టు మీద కూర్చుని పిన్నిగారి పాట పెట్టింది. రెండో అట్టు తింటూ, "అమ్మా, పాడేది ఈవిడే. మరి డ్రమ్స్ ఎవరు?" అనడిగింది. చాలా పాటలకు స్టూడియోలో హాల్ బ్లెయిన్ అనే ఆయన్ని పిలిచి వాయింపించేవాళ్ళు గానీ, 1973 నాటి ఆ ఆల్బంలో ఒక్క పాట తప్ప అన్నీ కారెనే వాయించింది.

"అదీ ఆవిడే" అన్నాను.